చదవకుండా మెచ్చుకోకండి: సైటు యాజమాన్యానికి, తెలుగు కథల గ్రూపుల అడ్మిన్లకు పర్లాకిమిడి నుంచి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన సైటు యాజమాన్యానికి, అందులో తెలుగు కథల గ్రూపులు నడుపుతున్న అడ్మిన్లకు,

నమస్కారం. నా కథలు మా వీధి దాటి బయటికి వెళ్ళాయంటే అది మీ వల్లే. ఆ మాట ముందే చెప్పేసి విషయంలోకి వస్తాను. మా కథల్ని సరిగ్గా చదవకుండానే తీసేస్తున్నారు, చదవకుండానే మెచ్చుకుంటున్నారు. అదీ నా గోడు. ఇందులో రాస్తున్న సంగతులన్నీ ఇదివరకే ఫిర్యాదుల పెట్టెలో రాశాను, అడ్మిన్లకు విడివిడిగా కూడా రాశాను. యాజమాన్యం నుంచి యంత్రం పంపిన ఇంగ్లీషు జవాబు వచ్చింది. అడ్మిన్ల నుంచి చేతులు జోడించిన బొమ్మ వచ్చింది. అందుకే ఇప్పుడు నలుగురి ముందూ పెడుతున్నాను.

నన్ను నేను రచయిత్రినని చెప్పుకోను. మాది ఒడిశాలో గజపతి జిల్లా, పర్లాకిమిడి. బట్టల దుకాణంలో లెక్కలు రాస్తాను. రాత్రి వంటిల్లు సర్దుకున్నాక ఫోన్లో కథలు రాస్తాను. డబ్బు ఆశ లేదు, పుస్తకం వేయించుకోవాలన్న తాపత్రయమూ లేదు. ఏదో సరదా. నాలాంటివాళ్ళు బరంపురంలో, గుణుపురంలో, రాయగడలో, జయపురంలో ఉన్నారు. ఒకరి కథ ఒకరం చదువుకుని, బాగోలేకపోతే బాగోలేదని చెప్పుకుంటాం. ఈమధ్య ఒక్కొక్కరే రాయడం మానేస్తున్నారు. ఓపిక లేక మానేశారని మీరు అనుకోవచ్చు. అందుకు కాదు.

మహేంద్రతనయ ఏరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. ఏటికి ఇవతల మేము. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు పడింది. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, సంతలో రెండూ. తెలుగు పుస్తకం కావాలంటే శ్రీకాకుళమో విశాఖపట్నమో వెళ్ళేవాళ్ళకి చీటీ రాసిచ్చి తెప్పించుకుంటాం. కథల పోటీ ప్రకటన చూసి ఉత్సాహంగా కింద దాకా చదివితే, ‘రెండు తెలుగు రాష్ట్రాల రచయితలకు మాత్రమే’ అని ఉంటుంది. ఫారంలో జిల్లాల జాబితా ఉంటుంది గానీ అందులో గజపతి ఉండదు, గంజాం ఉండదు, కొరాపుట్ ఉండదు. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నవాళ్ళకి మీ సైటు పది దారుల్లో ఒక దారి. మాకు ఉన్న దారే అది. కాబట్టి అక్కడ రాయి అడ్డం పడితే పక్కనుంచి వెళ్ళిపోయే వీలు మాకు లేదు.

ఇక జరిగింది చెబుతాను.

మా ఊరు కొమ్ము పనికి పేరు. పశువుల కొమ్ముతో దువ్వెనలు, పక్షులు, జంతువుల బొమ్మలు చేస్తారు. ఆ పని చేసే ఒక ముసలాయన మీద కథ రాశాను. కొడుకు ఆ పని నేర్చుకోనంటాడు, సూరత్ వెళ్ళి మగ్గాల మిల్లులో చేరతానంటాడు. తండ్రి తాగి ఉన్న కోపంలో, ‘గుమ్మం దాటితే కాళ్ళు నరికేస్తాను’ అంటాడు. ఆ మాట కొడుకుతో ఒక్కసారైనా అనని తండ్రి మా పేటలో లేడు. తెల్లారేసరికి ఆ కథ కనబడలేదు. హింసను ప్రేరేపిస్తోందని తీసేశారట. అప్పీలు పెట్టాను. అది కథ అనీ, ఆ మాట పాత్ర అన్నదనీ, చివర్లో ఆ తండ్రే కొడుకుని రైలెక్కించి వస్తాడనీ రాశాను. ‘పరిశీలించాం, నిర్ణయంలో మార్పు లేదు’ అని ఇంగ్లీషులో జవాబు. పైగా కొన్నాళ్ళపాటు గ్రూపుల్లో ఏమీ పెట్టకుండా నా ఖాతా మీద ఆంక్ష. పరిశీలించింది తెలుగు వచ్చిన మనిషేనా అని అడిగాను. దానికి జవాబు ఇప్పటికీ లేదు.

2021లో కేంద్రం తెచ్చిన ఐటీ నిబంధనల్లో ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలని, 15 రోజుల్లో తేల్చాలని అప్పట్లో రాశారు. తేల్చిన తీరు నచ్చకపోతే 30 రోజుల్లోపు అప్పీలు కమిటీకి వెళ్ళవచ్చు. ఆ కమిటీలను 2023 జనవరిలో కేంద్రమే వేసింది. 2022 అక్టోబరు సవరణతో, మీ నియమాలు, షరతులు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లో వాడుకరి కోరుకున్న భాషలో అందుబాటులో ఉండాలన్న మాట కూడా చేరింది. ఆ 22 భాషల్లో తెలుగు ఉంది, ఒడియా ఉంది. నా కథ ఏ నియమం కింద పోయిందో ఈ రెండిట్లో ఏదో ఒకదాంట్లో చెప్పి ఉంటే కనీసం గొడవ పడడానికైనా నాకు వీలుండేది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 8 కోట్ల పైచిలుకు. 2018 ఫిబ్రవరిలో ఒకే ఒక్క తెలుగు అక్షరం దెబ్బకి ఐఫోన్లలో యాప్‌లు ఆగిపోతే ప్రపంచమంతా వార్త అయింది, కొద్ది రోజుల్లోనే మరమ్మతు వచ్చింది. మీ యంత్రం ఆగిపోతే తప్ప మా భాష మీ కంటికి ఆనదేమోనని అప్పుడప్పుడు అనుమానం వస్తుంది.

అడ్మిన్లకు చెప్పేది వేరు. మీరు జీతం తీసుకోకుండా గ్రూపులు నడుపుతున్నారని నాకు తెలుసు. తిట్లు కూడా మీకే ఎక్కువ పడతాయనీ తెలుసు. అయినా అడగక తప్పదు. పొద్దున్నే పూల బొకేతో పెట్టిన ‘శుభోదయం’ నిమిషంలో ఆమోదం పొందుతుంది. కథ మాత్రం రోజుల తరబడి పెండింగులో ఉంటుంది. ఎలాగోలా బయటికొచ్చిందే అనుకోండి. నిమిషం తిరక్కుండా కింద వ్యాఖ్యలు: ‘అద్భుతం అండి’, ‘కళ్ళు చెమర్చాయి’. చదవడానికి పావుగంట పట్టే కథ అది. పైగా హాస్య కథ.

ఇలాంటి మెప్పు కన్నా తిట్టు నయం. తిట్టినవాడు రెండు పేరాలైనా చదివి ఉంటాడు. ఇది ఎందుకు జరుగుతోందో అందరికీ తెలుసు. నువ్వు నాకు లైకు కొట్టు, నేను నీకు కొడతాను అన్న ఒప్పందాలు బాహాటంగానే నడుస్తున్నాయి. పోటీ పెడితే ఎక్కువ లైకులు వచ్చిన కథకే బహుమతి. అంటే ఎవరికి బంధువులు ఎక్కువో, ఎవరి వాట్సాప్‌లో జనం ఎక్కువో వాళ్ళదే మంచి కథ. మా అత్తగారి వైపు బలగం పెద్దదే గానీ వాళ్ళెవరికీ తెలుగు చదవడం రాదు. ఆ రకంగా కూడా నేను ఓడిపోయాను లెండి.

మరొకటి, నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది. ఒక కథ నాకు తిప్పి పంపుతూ, ‘భాష దిద్దుకుని మళ్ళీ పెట్టండి, ఒడియా మాటలు, పల్లె మాటలు తీసేయండి’ అన్నారు. అక్షరదోషాలు ఉంటే చెప్పండి, దిద్దుకుంటాను, దండం పెడతాను కూడా. కానీ మా గోర్జిలో, అంటే మా సందులో, మనుషులు మాట్లాడే తీరు దోషం ఎలా అవుతుంది? ఏటా ఆగస్టు 29న మీ గ్రూపులన్నీ గిడుగు రామమూర్తి గారి ఫొటోతో నిండిపోతాయి. ఆయన పాఠాలు చెప్పింది మా పర్లాకిమిడిలోనే. వాడుక భాషలో చదువు చెప్పాలని పండితులతో తలపడింది ఇక్కడ ఉన్న రోజుల్లోనే. ఇక్కడి కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి వాళ్ళ మాటల్లో వాచకాలు రాసిందీ ఇక్కడే. ఆయన వాదించింది శిష్ట వ్యావహారికం, అంటే చదువుకున్నవాళ్ళ వాడుక భాష కోసమే, మా యాస కోసం కాదని మీలో ఎవరో ఒకరు అంటారు. నిజమే. మరి చదువు లేదనుకున్న కొండవాళ్ళ భాషకి వ్యాకరణం, నిఘంటువు రాసిన మనిషి మా యాసని చూసి ముక్కు మూసుకునేవారా? 1936లో ఈ ఊరు ఒరిస్సాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. మేం ఇక్కడే ఉండిపోయాం. ఉన్నవాళ్ళ తెలుగులో ఒడియా కలవకుండా ఎలా ఉంటుంది?

దీనివల్ల ఎవరికేం నష్టం, సరదాకి రాసేవాళ్ళు మానేస్తే కొంపలు మునుగుతాయా అంటారేమో. కొంపలు మునగవు. కానీ జరుగుతున్నది ఇదీ:

1. ఈ సరిహద్దు బతుకు ఎక్కడా రాతలోకి ఎక్కకుండా పోతోంది. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి రెండున్నర అడుగుల పట్టాల మీద చిన్న రైలు వచ్చింది. 1931కి అది గుణుపురం దాకా వెళ్ళింది. 2004లో ఆగిపోయి, తరవాత పెద్ద లైను పడింది. ఆ చిన్న రైల్లో బడికి వెళ్ళినవాళ్ళు, దాని వెనక పరిగెత్తి ఎక్కినవాళ్ళు, ఆ లైను మీద గ్యాంగు పని చేసి రిటైరైనవాళ్ళు చాలామంది ఇప్పుడు డెబ్బై దాటి ఉన్నారు. గుణుపురం వైపు ఒక పెద్దాయన వాళ్ళందరి దగ్గరా విన్న సంగతులు కలిపి నవలికలాగా వారం వారం పెట్టేవారు. ‘లెంగ్తీ అండి’, ‘నెక్స్ట్ పార్ట్’ తప్ప ఇంకో మాట వచ్చేది కాదు. ఒక భాగానికి అదీ రాలేదు, మానేశారు. మిగతాది ఆయన బుర్రలోనే ఉండిపోయింది. ఫోన్ చేసి అడిగితే, ‘ఎవరి కోసమమ్మా’ అన్నారు. నా దగ్గర జవాబు లేదు. రైలు ఏ సంవత్సరం వచ్చిందో గెజిటీరులో దొరుకుతుంది. అది ఏ మలుపులో ఎంత నెమ్మదిగా వెళ్ళేదో, అక్కడ దిగి జీడిమామిడి పళ్ళు కోసుకుని మళ్ళీ ఎలా ఎక్కేవారో ఆయన రాస్తేనే ఉంటుంది.

2. మా పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవలేరు. బడి ఒడియాలోనో ఇంగ్లీషులోనో. రాత్రి ఫోన్లో కథ పైకి చదివి వినిపిస్తే చెవులు రిక్కించి వింటారు, ముఖ్యంగా అందులో మా సంత, మా ఏరు, మా మాట వచ్చినప్పుడు. మా పక్కింటి గుంట ఒకర్తె, తరవాత ఏమైందో తెలుసుకోవాలని తనంతట తానే అక్షరాలు కూడబలుక్కోవడం మొదలెట్టింది. పట్నం తెలుగు కథలతో ఈ పని జరగలేదు, ప్రయత్నించి చూశాం. అపార్టుమెంటు లిఫ్టు, సాఫ్ట్‌వేరు కొలువు, అమెరికా సంబంధం వాళ్ళకి పట్టవు.

3. ఆడవాళ్ళు పేరు మార్చుకుని రాస్తున్నారు, లేదా రాయడమే మానేస్తున్నారు. మొగుణ్ణి వదిలి వచ్చిన మనిషి మీద కథ రాస్తే, ఆ రాత్రికి ఇన్‌బాక్సులో ‘అది మీ సొంత కథేనా?’ అని మెసేజి. కొందరు అక్కడితో ఆగరు, ఫోన్ నంబరు అడుగుతారు. అడ్మిన్లకు స్క్రీన్‌షాట్ పంపితే, ‘బ్లాక్ చేసుకోండి మేడమ్’ అంటారు. బ్లాక్ చేయడం మాకూ తెలుసు. అతను మాత్రం మీ గ్రూపులోనే ఉంటాడు, మర్నాడు ఇంకో ఆవిడ కథ కింద ‘కళ్ళు చెమర్చాయి’ అని పెడుతూ ఉంటాడు. మగ రచయితలను ఎవరైనా ‘మీ కథలో హంతకుడు మీరేనా’ అని అడిగారేమో కనుక్కోవాలి. బరంపురంలో మా స్నేహితురాలు ఇప్పుడు అన్నయ్య పేరుతో రాస్తోంది. మెప్పు వస్తే ఆయనకి, తప్పు దొర్లితే ఈవిడకి.

4. దొంగతనం. నా కథ ఒకటి ఎవరో ఎత్తుకెళ్ళి, పేరు తీసేసి, గొంతు కలిపి వీడియోగా పెట్టుకున్నారు. యంత్రం చదివిన గొంతు అది. సవర మాట వచ్చిన ప్రతిచోటా తడబడింది. అసలు కథ నాదేనని చెబితే, రిజిస్ట్రేషను కాగితం చూపించమన్నారు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రాసినవారికి హక్కు రాసిన క్షణంలోనే వస్తుంది, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. అదే చట్టం 57వ సెక్షను, రచన తనదేనని చెప్పుకునే హక్కును రచయితకు ఇస్తోంది. బట్టల దుకాణంలో లెక్కలు రాసేదానికి ఇది తెలిసినప్పుడు, ఫిర్యాదులు చూసేవారికి తెలియకపోదు.

పొగడమని మేం అడగడం లేదు. మా కథల్లో చెత్త కూడా ఉంటుంది, సందేహం లేదు. చెత్త అయితే ఎక్కడ చెత్తయిందో చెప్పే మనిషి కావాలి. దాన్ని బట్టి మా కోరికలు ఇవీ.

యాజమాన్యానికి:

1. కథ అని ముందే గుర్తు పెట్టి పోస్టు చేసే వీలు ఇవ్వండి. అలా గుర్తు పెట్టిన దాన్ని యంత్రం ఒక్కటే తీసేయకూడదు. తీసేసే ముందు తెలుగు చదవగల మనిషి, వీలైతే మా వైపు తెలుగు తెలిసిన మనిషి, కథ మొత్తం చదవాలి. అప్పీలుకు జవాబు తెలుగులో రావాలి, ఏ వాక్యం ఏ నియమాన్ని దాటిందో అందులో ఉండాలి.

2. కొమ్ము పనివాడి కథను తిరిగి పెట్టండి, ఖాతా మీద పడ్డ మచ్చ తీసేయండి. ఆ కథ ఎవరినైనా కొట్టమని చెప్పిందని తేలితే నేనే తీసేస్తాను.

3. పేరు లేకుండా ఎత్తుకెళ్ళిన కథల గురించి ఫిర్యాదు చేసినప్పుడు, మొదట పెట్టిన తేదీ మీ దగ్గరే ఉంటుంది. మమ్మల్ని కాగితాలు అడగకుండా దాన్ని చూడండి.

4. ఎంతమంది కథ చివరిదాకా చదివారో రాసినవారికి ఒక్కరికే కనబడేలా చేయండి. లైకుల సంఖ్య దాచుకునే వీలూ ఇవ్వండి. ముగ్గురే చివరిదాకా చదివారని తెలిసినా మాకు చాలు, ఆ ముగ్గురి కోసం రాస్తాం.

అడ్మిన్లకు:

5. పోటీల్లో లైకుల లెక్క తీసేయండి. ముగ్గురు చదివి నిర్ణయించినా చాలు. గెలిచిన కథ ఎందుకు గెలిచిందో నాలుగు వాక్యాలు రాయండి, ఓడిన కథలకు రెండేసి వాక్యాలైనా రాయండి. అంత పని చేయలేమంటే పోటీలు తగ్గించండి.

6. ‘రెండు తెలుగు రాష్ట్రాలు’ అన్న నిబంధన తీసేసి ‘తెలుగులో రాసేవారెవరైనా’ అని పెట్టండి. ఇది ఒక్క వాక్యం మార్పు, ఈ పూటే చేయవచ్చు. గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ వాళ్ళతోపాటు మహారాష్ట్ర వైపు సిరొంచ, ధర్మాబాద్, కిన్వట్ వాళ్ళకీ దారి దొరుకుతుంది.

7. యాస ఉందని కథ తిప్పి పంపకండి. అర్థం కాని మాట ఉంటే వ్యాఖ్యలో అడగండి, చెబుతాం. సంతోషంగా చెబుతాం.

8. ఇన్‌బాక్సులో వేధించినవాడిని స్క్రీన్‌షాట్ చూసిన రోజే గ్రూపు నుంచి పంపేయండి. అతను ఎంత పెద్ద కవి అయినా, మీకు ఎంత కావలసినవాడైనా.

9. వారానికి ఒక రోజు కథలకే కేటాయించండి. ఆ రోజు బొకేలు వద్దు.

ఈ లేఖ చదివి ‘చక్కగా రాశారు మేడమ్’ అని పెట్టబోయేవారికి ఒక మనవి. దాని బదులు మీ గ్రూపులో పెండింగులో ఉన్న ఏదో ఒక కొత్తవాళ్ళ కథ తీసి, చివరిదాకా చదివి, ఎక్కడ నచ్చిందో, ఎక్కడ విసుగొచ్చిందో వాళ్ళకే రాయండి.

యాజమాన్యం జవాబు కోసం నిబంధనల్లో ఉన్న గడువు చూస్తాను. అది దాటితే, మాలో రాయడం మానేసినవాళ్ళ సంతకాలు కూడా కలిపి అప్పీలు కమిటీకి పంపుతాను. జవాబు తెలుగులో ఇచ్చినా సరే, ఒడియాలో ఇచ్చినా సరే. రెండూ చదవగలను.

ఇట్లు,
సరదాకి కథలు రాసుకునే ఒక మనిషి,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా